ఫీజులు పీకకుండా మోటర్ గుంజొద్దు

మొన్న శుక్రవారం రాత్రి పదకొండున్నరకు మా టెస్టర్ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. కింద ఒక్క ముక్క కూడా రాయలేదు. సర్వర్ స్క్రీన్ నిండా తెల్లటి అక్షరాలు, మధ్యలో ఒక అడ్రస్: 6బి6బి6బి6బి6బి6బి6బి6బి. దెబ్బకు నిద్ర ఎగిరిపోయింది.

డ్రైవర్లు, అంటే కార్డుల్లాంటి హార్డ్‌వేర్‌ను కంప్యూటర్ చేత పలికించే కోడ్, రాసేవాళ్లకు ఈ 6బి పాత చుట్టమే. లైనక్స్ కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అది) డీబగ్ ఆప్షన్ ఆన్ చేసుకుంటే, ఫ్రీ చేసిన, అంటే పని అయిపోయి వదిలేసిన మెమరీ మొత్తాన్ని 6బి అనే బైటుతో నింపేస్తుంది. ఆ తర్వాత ఎవరైనా పాత పాయింటర్ (మెమరీ అడ్రస్) పట్టుకుని అక్కడికి వెళ్తే చేతికి తగిలేవి ఈ 6బిలే. అద్దె ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి ఓనర్‌కి ఇచ్చేశాక కూడా లోపల ఎవరో తిరుగుతున్నారన్నమాట. మా నల్లగొండ పక్కనే పానగల్ ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పొద్దంతా స్తంభం నీడ ఒకటి పడుతూ ఉంటుంది. అది ఏ స్తంభం నీడో అక్కడ నిలబడి చెప్పమంటే తలగోక్కోవాల్సిందే. ఈ క్రాష్‌లూ అలాంటివే. నీడ దొరుకుతుంది, స్తంభం దొరకదు.

డ్రైవర్ రాసింది నేనే కాబట్టి ఇంకొకరి మీద తోసేసే వీలు కూడా లేదు.

నేను నల్లగొండలో ఉంటాను. పని హైదరాబాద్ కంపెనీది. 2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్ సంచీ తగిలించుకుని ఇంటికి వచ్చాను, వాళ్లు గట్టిగా పిలవలేదు, నేనూ పోలేదు. మాది పీసీఐ స్లాట్‌లో పెట్టే స్టోరేజీ కార్డు. పెద్ద సర్వర్లలో కరెంటు ఆపకుండానే కార్డు పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఆ "పీకడం" దగ్గరే నా కథంతా.

టెస్టర్ చేసిన పని పెద్దదేం కాదు. కార్డు మీది డిస్కును మౌంట్ చేసింది, అంటే ఫైళ్లు వాడుకునేలా తగిలించింది. ఫైళ్లు కాపీ అవుతుండగానే సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్‌తో మాట్లాడే ఫైళ్లు ఉండే చోటు అది) అన్‌బైండ్ అనే ఫైల్లోకి కార్డు నంబరు రాసింది, అంటే కార్డు నుంచి డ్రైవర్‌ను విడిపొమ్మంది. డ్రైవర్ ఊడింది, అప్పటికి ఏమీ కాలేదు. కాసేపటికి డిస్కును అన్‌మౌంట్ చేసింది. అప్పుడు పడిపోయింది సర్వర్.

మరి నా దగ్గర ఇది ఎప్పుడూ ఎందుకు రాలేదు? నేను పరీక్ష చేసిందంతా ఆర్‌ఎమ్‌మాడ్ తోనే, అంటే డ్రైవర్ మాడ్యూల్‌ను కెర్నల్ నుంచి తీసేసే కమాండ్‌తో. డిస్కు ఎవరైనా తెరిచి ఉంటే ఆర్‌ఎమ్‌మాడ్ ఒప్పుకోదు, "మాడ్యూల్ వాడుకలో ఉంది" అని వెనక్కి పంపుతుంది. అందుకని నేను ప్రతిసారీ బుద్ధిగా అన్‌మౌంట్ చేసి, ఆ తర్వాత డ్రైవర్ తీసేవాణ్ణి. అన్‌బైండ్‌కి ఆ మొహమాటం లేదు. మాడ్యూల్ లెక్క (ఎంతమంది వాడుతున్నారన్నది) ఎంత ఉందో చూడదు, డ్రైవర్ సామాను సర్దుకుని పోయే రిమూవ్ ఫంక్షన్‌ని నేరుగా పిలిచేస్తుంది. చేత్తో కార్డు పీకినా అంతే. పైగా పీసీఐ డ్రైవర్ రిమూవ్ ఫంక్షన్ రిటర్న్ టైప్ వాయిడ్, అంటే తిరిగి ఏ జవాబూ ఇవ్వదు. "ఇప్పుడు కుదరదు, రేపు రా" అని చెప్పడానికి చోటే లేదు. పిలిస్తే పోవాల్సిందే.

పొద్దున లేచి దీని పని పడదామనుకుంటే ఆరింటికే నాయిన ఫోన్. "మోటర్ కాలింది. మెకానిక్ వస్తాండు. నువ్వొస్తే ఒక చెయ్యి పడ్తది."

మా ఊరు చండూరు దగ్గర. బత్తాయి తోట. ఎండాకాలం నాలుగు రోజులు నీళ్లు ఆగితే పిందె రాలుతుంది, కాబట్టి కెర్నల్ క్రాష్ అయినా ఏదైనా బోరు తర్వాతే. బండి తీసుకుని బయల్దేరాను.

బోరు మోటర్ గుంజడం చూసినవాళ్లకు తెలుసు, అది బలంతో అయ్యే పని కాదు, వరసతో అయ్యేది. మాది 18 పైపులు దిగి ఉంది. ఒక్కోటి 20 అడుగుల ఇనప పైపు, మర మీద మర బిగించి దింపినవి. మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ, రెండు పైపు పానాలు, రెండు క్లాంపులు. ఒక పైపు పైకి లాగుతారు. దాని కింద పైపు మెడకు రెండో క్లాంప్ బిగించి, బోరు మూతి మీద ఆనిస్తారు. బరువంతా ఆ క్లాంప్ మీదికి వచ్చిందని చూసుకున్నాకే పైపైపు మర విప్పుతారు. క్లాంప్ సరిగ్గా పట్టకముందే పానా తిప్పితే కింద ఉన్నదంతా, మోటర్‌తో సహా, బోర్లో పడుతుంది. ఆ తర్వాత ఎన్ని కొక్కేలు వేసినా దేవుడి దయ.

మెకానిక్ స్టాండు పాతుతూ అడిగిన మొదటి మాట: "పెద్దనాయినా, ఫీజులు పీకిండ్రా?"

"స్టార్టర్ బంద్ చేసిన" అన్నాడు నాయిన.

"బంద్ చేసుడు కాదు, పీకుండ్రి. ఆటో ఉన్నదా డబ్బాల?"

ఉంది. ఆటో స్టార్టర్ గురించి తెలియనివాళ్ల కోసం: కరెంటు రాగానే మనిషి లేకుండా మోటర్‌ను తనే ఆన్ చేసే డబ్బా అది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యేదాకా, కరెంటు విడతలవారీగా, సగం రాత్రిపూట వచ్చేది. అర్ధరాత్రి తోటకు పోయి స్విచ్ వేసే ఓపిక ఎవరికుంటుంది? అందరూ ఆటోలు పెట్టుకున్నారు. 24 గంటల కరెంటు వచ్చాక ఆటోలు తీసేయమని కరెంటోళ్లు ఊరూరా తిరిగి చెప్పారు. మా నాయిన "సరే" అన్నాడు, తీయలేదు. వెనకటికి ఒకసారి మోటర్ గుంజుతుండగా, బంద్ చేసిన స్టార్టర్ కరెంటు రాగానే టక్కుమని పడింది. మోటర్ ఒక్క తిప్పు తిరిగేసరికి పైపు కొట్టుకుంది, పానా ఎగిరి నా మోకాలు పక్కనుంచి పోయింది. అప్పుడు నేను ఇంటర్. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది.

ఫీజులు పీకి జేబులో వేసుకుని వస్తుంటే, నా కోడ్‌లోని హార్ట్‌బీట్ టైమర్ గుర్తొచ్చింది. అక్కడే నిలబడిపోయాను.

నా డ్రైవర్‌లో ఒక టైమర్ ఉంది. రెండు సెకన్లకోసారి మోగుతుంది. అది మోగితే ఒక వర్క్‌ను, అంటే కాసేపట్లో చేయాల్సిన పనిని, క్యూలో వేస్తుంది. ఆ వర్క్ కార్డు రిజిస్టర్లు (దాని స్థితి చెప్పే గళ్లు) చదివి, అంతా బాగుంటే టైమర్‌ను మళ్లీ రెండు సెకన్లకు పెడుతుంది. రిమూవ్‌లో నేను ముందు టైమర్ ఆపాను, తర్వాత వర్క్ ఆపాను. రెండూ ఆపాను కదా అని నిశ్చింతగా ఉన్నాను. కానీ టైమర్ ఆపిన క్షణంలో వర్క్ నడుస్తూ ఉంటే, అది ముగిసేముందు టైమర్‌ను మళ్లీ లేపుతుంది. పోనీ తిరగేసి ముందు వర్క్ ఆపుదామంటే, ఈలోపు టైమర్ మోగి ఇంకో వర్క్‌ను క్యూలో పడేస్తుంది. అచ్చం ఆటో స్టార్టరే. బంద్ చేస్తే సరిపోదు, ఫీజు పీకాలి. కెర్నల్ 6.2 నుంచి ఆ ఫీజు పీకే ఫంక్షన్ ఉంది: టైమర్ షట్‌డౌన్ సింక్. ఒక్కసారి దాన్ని పిలిస్తే, ఆ తర్వాత ఎవరు ఎన్నిసార్లు టైమర్ పెట్టబోయినా కెర్నల్ కిమ్మనకుండా పక్కన పడేస్తుంది. అది అయ్యాక క్యాన్సిల్ వర్క్ సింక్. వరస ఇదే, ఇంకోటి లేదు.

టెస్టర్ పంపిన క్రాష్‌కి ఇది కారణం కాదు. మోటర్ గుంజుతూ నాకు దొరికిన బోనస్ బగ్.

మూడో పైపు విప్పుతుండగా నీళ్లు మీద పడ్డాయి. కింద వాల్వు పట్టి ఉంటే పైపు నిండా నీళ్లు నిలిచే ఉంటాయి, ప్రతి మర విప్పినప్పుడూ ఒక బకెట్ మన మీద పోస్తుంది. మెకానిక్ పిల్లలు నవ్వారు. లాప్‌టాప్ పనోడు తడిసి ముద్దయితే వాళ్లకు అదో తృప్తి.

మధ్యాహ్నం మూడింటికి మోటర్ పైకి వచ్చింది. వైండింగ్ నల్లగా మాడింది. నాయిన దాన్ని ఆటోలో వేసుకుని రివైండింగ్ షాపుకు పోయాడు, నేను నల్లగొండ వచ్చేశాను.

ఆ రాత్రి కూర్చుని రిమూవ్ ఫంక్షన్ మొదటి నుంచి చదివాను. అందరూ చెప్పే సూత్రం ఒకటే: ప్రోబ్‌లో (కార్డు దొరకగానే నడిచే ఫంక్షన్) ఏ వరసలో తెచ్చుకున్నావో రిమూవ్‌లో తిరగేసి వదిలేయి. డివైస్ ఎనేబుల్, రీజియన్లు (కార్డుకు కేటాయించిన అడ్రస్‌ల చోటు), రిజిస్టర్ల మ్యాపింగ్, డీఎంఏ మెమరీ (కార్డు తనే నేరుగా రాసుకునేది), ఇంటరప్ట్ (పని అయిందని కార్డు కొట్టే గంట), చివరికి డిస్కు. తీసేటప్పుడు ముందు డిస్కు, చివరికి డివైస్ డిజేబుల్. రీజియన్లు వదలడం మర్చిపోతే మళ్లీ డ్రైవర్ ఎక్కించినప్పుడు మైనస్ 16 ఎర్రర్ ఇచ్చి, ఈ చోటు ఖాళీ లేదంటుంది. ఇలాంటివి పది నిమిషాల్లో దొరుకుతాయి, వాటికోసం ఎవరూ నిద్ర చెడగొట్టుకోరు. ప్రోబ్ మధ్యలో ఫెయిలైతే రిమూవ్ రాదు, అప్పటిదాకా తెచ్చుకున్నవన్నీ ప్రోబే వదలాలి అన్నది కూడా అంతే.

నన్ను పట్టుకున్నది వేరే. తిరగేసిన వరస నా కోడ్‌లో కాగితం మీద సరిగ్గానే ఉంది. కాకపోతే సగం చేత్తో వదిలాను, సగం డెవ్‌ఎమ్ మీద వదిలేశాను.

డెవ్‌ఎమ్ అంటే 2007లో టెజున్ హియో కెర్నల్‌లోకి తెచ్చిన ఏర్పాటు. డెవ్‌ఎమ్ పేరుతో మొదలయ్యే ఫంక్షన్లతో ఏం తీసుకున్నా, డ్రైవర్ ఊడినప్పుడు కెర్నల్ తనే వరస తిరగేసి వదిలేస్తుంది. చిన్న డ్రైవర్లకు బంగారం లాంటిది, దాన్ని తిట్టే ఉద్దేశం నాకు లేదు. కానీ ఆ వదలడం రిమూవ్ ఫంక్షన్ ముగిసిన తర్వాత జరుగుతుంది. నేను ఇంటరప్ట్‌ను డెవ్‌ఎమ్‌తో తీసుకున్నాను, డీఎంఏ మెమరీని మాత్రం రిమూవ్‌లో చేత్తో ఫ్రీ చేశాను. ఆ రెండింటి మధ్య సందులో ఇంటరప్ట్ ఇంకా బతికే ఉంది, అది చూసే కంప్లీషన్ క్యూ (అయిపోయిన పనుల వరస, డీఎంఏ మెమరీలోనే ఉంటుంది) మాత్రం పోయింది. అప్పుడు ఒక్క ఇంటరప్ట్ వస్తే చాలు. కింద క్లాంప్ పట్టిందో లేదో చూడకుండా పానా తిప్పింది నేనే. ఇప్పుడు ఇంటరప్ట్‌ను కూడా చేత్తోనే తీసుకుంటున్నాను, చేత్తోనే వదులుతున్నాను. ఇంటరప్ట్‌ను వదిలే ఫ్రీ ఐఆర్‌క్యూకి ఒక మంచి గుణం ఉంది. వేరే సీపీయూ మీద ఇంటరప్ట్‌కు జవాబిచ్చే హ్యాండ్లర్ నడుస్తుంటే అది ముగిసేదాకా ఆగి, అప్పుడే వెనక్కి వస్తుంది. అది వచ్చిందంటే క్యూ వైపు ఇంటరప్ట్ నుంచి ఇక ఎవరూ రారు.

డీఎంఏ గురించి ఇంకో మాట. మెమరీ ఫ్రీ చేసేముందు కార్డును నిజంగా ఆపాలి, మెమరీలో రాసే హక్కు ఇచ్చే బస్ మాస్టర్ బిట్ తీసేయాలి. లేకపోతే మనం వదిలేసిన మెమరీని కెర్నల్ ఇంకెవరికో ఇస్తుంది, కార్డు మాత్రం పాత అడ్రస్‌కే రాస్తూ పోతుంది. కార్డులు ఏ మెమరీని ముట్టుకోవచ్చో కాపలా కాసే ఐఓఎమ్‌ఎమ్‌యూ ఉంటే ఫాల్ట్ చూపించి ఆపుతుంది. లేకపోతే ఎప్పుడో, సంబంధం లేని ఇంకెక్కడో పడిపోతుంది, అప్పుడు ఆ క్రాష్‌ను మన డ్రైవర్ దాకా తీసుకొచ్చేవాళ్లే ఉండరు.

ఇక శుక్రవారం నాటి 6బి. కార్డుకు సంబంధించిన నా మొత్తం స్ట్రక్చర్‌ను డెవ్‌ఎమ్ మెమరీ కేటాయింపుతో తీసుకున్నాను. అన్‌బైండ్ కాగానే అది పోయింది. కానీ డిస్కు ఇంకా మౌంట్ అయి ఉంది, అంటే డిస్కును తెరిచిపెట్టుకున్నవాళ్లు ఉన్నారు. అన్‌మౌంట్ చేసినప్పుడు కెర్నల్, డిస్కు మూసేటప్పుడు నడిచే నా రిలీజ్ ఫంక్షన్‌ని పిలిచింది. డిస్కు తెరిచి ఉన్నందుకు మాడ్యూల్ లెక్క పట్టి ఉంటుంది కాబట్టి కోడ్ ఎక్కడిదక్కడే ఉంది. ఆ కోడ్ నా స్ట్రక్చర్‌లో ఉన్న ఒక పాయింటర్ తీసి, దాని వెంట వెళ్లి ఎంతమంది తెరిచారో లెక్క తగ్గించబోయింది. కోడ్ ఉంది, డేటా లేదు. 6బి.

బోరుతో పోలిక ఇక్కడ తెగిపోతుంది. మోటర్ గుంజేటప్పుడు నీళ్లు వాడేవాడు ఎవడూ ఉండడు, తోట ఎండుతూ కూర్చుంటుంది అంతే. డ్రైవర్ తీసేటప్పుడు మాత్రం అవతలి చివర ఇంకా పట్టుకుని ఉన్నవాడు ఉంటాడు, ఎప్పుడు వదులుతాడో మన చేతిలో లేదు. గంటకు వదలొచ్చు, రేపు వదలొచ్చు. కాబట్టి ప్రోబ్ వరస తిరగేయడం సరిపోదు. ఏ మెమరీ వదలబోయినా ముందు నన్ను నేను అడగాల్సిన ప్రశ్న వేరు: ఇక్కడికి ఇంకా ఎవరు రాగలరు? డిస్కు తెరిచినవాడా, కార్డా, నా సొంత టైమరా? ఒక్కరు రాగలిగినా ఫ్రీ చేయకూడదు.

కెర్నల్ 5.18లో దీనికి దారి పెట్టారు. బ్లాక్ డివైస్ ఆపరేషన్లలో ఫ్రీ డిస్క్ అని ఒక కాల్‌బ్యాక్ (సమయం వచ్చినప్పుడు కెర్నల్ పిలిచే మన ఫంక్షన్) ఉంది. డిస్కు మీద చివరి రెఫరెన్స్ పోయినప్పుడు మాత్రమే అది వస్తుంది. నా స్ట్రక్చర్‌ను డెవ్‌ఎమ్ నుంచి తీసేసి, మెమరీ ఇచ్చే మామూలు ఫంక్షన్ కేజెడ్‌అలాక్‌తో తీసుకుని, ఫ్రీ చేసే పనిని ఆ కాల్‌బ్యాక్‌లో పెట్టాను. రిమూవ్‌లో హార్డ్‌వేర్‌కు సంబంధించినవన్నీ పోతాయి. స్ట్రక్చర్ మాత్రం, పుట్ డిస్క్‌తో డిస్కు మీద నా పట్టు వదిలాక కూడా, ఆఖరి మనిషి గడప దాటేదాకా ఉంటుంది. మార్చింది పన్నెండు లైన్లు. అవి ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికే ఆదివారం మధ్యాహ్నం అయింది.

అది అయిందని సంబరపడుతూ టెస్టర్‌కి పంపితే, సోమవారం ఆమె కార్డును చేత్తోనే పీకింది. ఈసారి క్రాష్ లేదు. ఏమీ లేదు. మెషీన్ అలా కూర్చుండిపోయింది.

ఇది నా కోడ్‌లోని సిగ్గుపడాల్సిన భాగం. కార్డు లేనప్పుడు దాని రిజిస్టర్ చదివితే ఎర్రర్ రాదు, అన్నీ ఒకట్లే వస్తాయి, అంటే హెక్స్‌లో ఎనిమిది ఎఫ్‌లు. నా రిమూవ్‌లో కార్డును రీసెట్ చేసి, "బిజీ బిట్ సున్నా అయ్యేదాకా ఆగు" అని ఒక లూప్ రాశాను, టైమవుట్ లేకుండా. అన్నీ ఒకట్లైతే బిజీ బిట్ కూడా ఒకటే. కార్డు టెస్టర్ చేతిలో ఉంది, నా కోడ్ దాని జవాబు కోసం స్లాట్ దగ్గర కాపలా కాస్తోంది. టైమవుట్ పెట్టాను. లూప్ పోయింది కానీ ఇంకో చోట ఆగింది. 120 సెకన్లకు పైగా ఈ టాస్క్ కదలడం లేదని లాగ్‌లో పడింది. చూస్తే డెల్ జెన్‌డిస్క్, డిస్కును కెర్నల్ నుంచి తీసేసే ఫంక్షన్. అది నడుస్తున్న రిక్వెస్టులు ముగిసేదాకా ఎదురుచూస్తుంది. ముగించాల్సిన కార్డు లేదు.

ఇక్కడ వరస రెండు రకాలుగా ఉండాలని అప్పుడు బుర్రకెక్కింది. కార్డు ఉండగా డ్రైవర్ తీస్తే ముందు డెల్ జెన్‌డిస్క్ పిలవాలి. ఎందుకంటే అప్పటిదాకా మెమరీలో నిలిచిన డేటా ఆ సమయంలోనే డిస్కుకు వెళ్తుంది, కార్డు బతికి ఉండాలి. ముందే కార్డును ఆపితే ఆ డేటా గాల్లో కలిసినట్టే. కార్డు ఇప్పటికే పోయి ఉంటే లెక్క తిరగబడుతుంది. ముందు డిస్కు చచ్చిపోయిందని గుర్తు పెట్టాలి, పెండింగ్‌లో ఉన్న ప్రతి రిక్వెస్టునూ ఐఓ ఎర్రర్‌తో నేనే ముగించాలి, ఆ తర్వాతే డెల్ జెన్‌డిస్క్. కెర్నల్‌లోని ఎన్‌వీఎమ్‌ఈ (ఎస్‌ఎస్‌డీల) డ్రైవర్ రిమూవ్ తెరిచి చూస్తే మొదట్లోనే, కార్డు అక్కడ ఉందా లేదా అని అడిగి, లేకపోతే కంట్రోలర్ చచ్చిందని రాసుకుంటుంది. నేను ఆ ఫంక్షన్ ఇంతకుముందు చాలాసార్లు చదివాను. ఆ నాలుగు లైన్లు ఎందుకున్నాయో మాత్రం ఒక్కసారీ ఆగి ఆలోచించలేదు.

మంగళవారం రాత్రి స్క్రిప్ట్ పెట్టి పడుకున్నాను. మౌంట్, కాపీ, అన్‌బైండ్, అన్‌మౌంట్, మళ్లీ బైండ్. వదిలేసిన మెమరీని ముట్టుకుంటే పట్టిచ్చే కాసాన్ ఆన్, వదలడం మర్చిపోయిన మెమరీని పట్టిచ్చే కెమెమ్‌లీక్ ఆన్. చేత్తో పీకే పరీక్షను టెస్టర్ పగలే చేసి పెట్టింది. ఈసారి ఆమె పంపిన ఫొటోలో కార్డు, పక్కన టీ గ్లాసు మాత్రమే ఉన్నాయి.

పొద్దున లేచి చూస్తే క్రాష్ లేదు, కాసాన్ నోరెత్తలేదు. కెమెమ్‌లీక్ మాత్రం ఒక వరుస చూపించింది, అన్‌బైండ్ చేసినన్ని సార్లూ అదే: 32 బైట్లు. ప్రోబ్‌లో కార్డు పేరు కోసం ఒక స్ట్రింగ్ కాపీ చేసుకున్నాను. ఇదివరకు అది కూడా డెవ్‌ఎమ్ మీదే ఉండేది. మిగతావన్నీ చేతికి మార్చినప్పుడు దాన్నీ మార్చాను, వదలడం మర్చిపోయాను. ఫ్రీ డిస్క్‌లో ఒక లైను రాస్తుండగా నాయిన ఫోన్ చేశాడు. రివైండింగ్ అయిందట, పొద్దున్నే మోటర్ దింపారట, నీళ్లు బాగానే పోస్తోందట.

"ఫీజులు ఏవిరా? నీ జేబులనే పోయినయట గద. షాపుల కొత్తయి తెచ్చి పెట్టిన" అన్నాడు.